దుమ్ము దులపక ముందు

2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ ఒక ఫెరారీని వేలానికి పెట్టింది. దాన్ని కడగలేదు, తుడవలేదు. 1961 నాటి ఆ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ పశ్చిమ ఫ్రాన్స్‌లో బయోన్ కుటుంబం వారి షెడ్డులో దశాబ్దాల పాటు పాత పత్రికల కట్టల కింద పడి ఉంది. రంగు వెలిసిపోయింది, ఒళ్లంతా దుమ్ము పేరుకుంది. ఒకప్పుడు నటుడు అలెన్ దెలాన్ అందులో తిరుగుతుండగా తీసిన ఫొటోలున్నాయి కాబట్టి ఆ కారుకు పేరుంది. అయినా ఆ దుమ్ముతోనే అది కోటీ 63 లక్షల యూరోలు పలికిందంటే ఆగి ఆలోచించాల్సిందే. తళతళలాడే కారు కావాలనుకునేవాళ్లకు ప్రపంచంలో కొదవ లేదు. ఆ రోజు చేతులెత్తినవాళ్లు మాత్రం, తమకంటే ముందు ఎవరూ కొత్తగా మార్చని కారు కోసం పోటీపడ్డారు. వాళ్ల లెక్క సరైనదేనని నా నమ్మకం. డబ్బు సంగతి అలా ఉంచితే, పాత కారును కొత్తదానిలా చేయడం చాలాసార్లు దానికి మేలు చేయడం కాదు, అందులో మిగిలి ఉన్న పనితనాన్ని చెరిపేయడం.

ఆ పనితనం ఎలాంటిదో తెలియాలంటే మోదెనాలోని సెర్జియో స్కాలియెత్తి కార్ఖానాను తలుచుకోవాలి. ఫెరారీ 250 జీటీఓ బాడీలు అక్కడే తయారయ్యాయి. 1962 నుంచి 1964 దాకా మొత్తం 36 కార్లే. మూడు లీటర్ల వీ12 ఇంజన్, దాని మీద ఆరు వెబర్ కార్బురేటర్లు, దాదాపు 300 హార్స్‌పవర్. ఈ అంకెలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనిది బాడీ రేకు కథ. పనివాళ్లు అల్యూమినియం రేకును సుత్తులతో కొట్టి వంపు తీశారు. కొలతల కంటే కంటినే ఎక్కువగా నమ్మారు. అందుకే ఒకే కారులో ఎడమ రెక్క కుడి రెక్కకు అచ్చంగా సరిపోదు, ఒక కారు బాడీ భాగం ఇంకో కారుకు కుదరకపోవచ్చు. ఇవాళ్టి రిపేరు కార్ఖానాలో ఆ కారు చేతికొస్తే రెండు వైపులూ సమం చేస్తారు, తలుపు సందులన్నీ ఒకే వెడల్పుకు తెస్తారు, పైన అద్దం లాంటి క్లియర్ కోటు వేస్తారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ 1962లో ఏ కారూ ఫ్యాక్టరీ గేటు దాటి అలా బయటికి రాలేదు. శిల్పాలున్న గుడి స్తంభానికి ఏటా సున్నం కొడుతూ పోతే గుడి శుభ్రంగానే ఉంటుంది, ఉలి జాడ మాత్రం కనబడదు. ఇక్కడ జరిగేదీ అదే. 2019లో బొలోన్యా న్యాయస్థానం జీటీఓ రూపాన్ని కళాకృతిగా గుర్తించింది. కళాకృతే అయితే దాని మీద పడిన సుత్తి దెబ్బ కూడా అందులో భాగమే.

రిస్టోరేషన్ మాత్రం గొప్ప విద్య కాదా అని అడుగుతారు. ముమ్మాటికీ గొప్పదే. తుప్పు తినేసిన నేలరేకును, పగిలిన ఇంజన్ బ్లాకును తిరిగి నిలబెట్టగలవాళ్ల చేతుల్ని తక్కువ చేయలేం. కాలిపోయిన కారుకు, సగం విడిభాగాలు పోయిన కారుకు ఆ విద్య తప్ప దిక్కు లేదు. పేచీ అంతా, ఇంకా పనికొచ్చే పాత తోలు సీటును చిన్న చిరుగు కనబడుతోందని పీకేయడం దగ్గరే. పైగా ఈ కార్లలో చాలావాటిని రేసుల్లో గుద్దారు, అతికారు, రంగు మార్చారు. మరి ఏ రోజు నాటి రూపాన్ని అసలు రూపం అనాలి? ఈ ప్రశ్నను కొత్త రంగు వేయడానికి సాకుగా వాడుకుంటారు. నాకు మాత్రం అది ఎదురు దిక్కున నడిపిస్తుంది. ఆ రేసుల నాటి అతుకూ చరిత్రే కాబట్టి దాన్నీ ఉండనివ్వాలి. ఇంకో సంగతి, కోట్లు పలికే చోట మోసమూ ఉంటుంది. ఛాసిస్ నంబరు నిజమైనదో తర్వాత కొట్టినదో తేల్చడానికి పాత వెల్డింగు, పాత రంగు పొరలే సాక్ష్యం. వాటిని గీకేసిన మరుక్షణం మిగిలేది కాగితాలే.

కారన్నది నడవాలి, బొమ్మలా నిలబెడితే అది కారేనా అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. నడవాల్సిందే. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ తన జీటీఓను దశాబ్దాలుగా నడుపుతూనే ఉన్నారు, ఆయన పద్ధతి నాకెంతో ఇష్టం. టైర్లు, బ్రేకు గొట్టాలు, పెట్రోలు పైపులు, సీళ్లు అరిగిపోవడానికే పుట్టినవి. వాటిని మార్చకపోతే ప్రాణాపాయం. తుప్పు పాకుతుంటే ఆపాలి, లేకపోతే కాపాడటానికి కారే ఉండదు. ఇవేవీ రంగునూ తోలునూ డయళ్లనూ ముట్టుకోమని చెప్పవు. ఎంత మార్చాలో తెలిసి అక్కడే చేయి ఆపగలగడం కొత్త రంగు కొట్టడం కంటే కష్టమైన పని. ఈ సంగతి పోటీల న్యాయనిర్ణేతలకు ఆలస్యంగా అర్థమైంది. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పోటీలో ఏళ్ల తరబడి మెరుగు పెట్టిన కార్లకే పెద్ద బహుమతి దక్కేది. 2024లో మొదటిసారి పాత రూపాన్ని అలాగే నిలుపుకున్న కారు, 1934 నాటి బుగాటి టైప్ 59, అక్కడ ప్రథమ స్థానం గెలిచింది.

కుబేరుల ఆటబొమ్మల గురించి మనకెందుకు అనేవాళ్లూ ఉంటారు. 2023 నవంబరులో న్యూయార్క్‌లో ఒక జీటీఓ 5 కోట్ల 17 లక్షల డాలర్లకు అమ్ముడైంది, ఆ డబ్బుతో మనకు పని లేదు. కానీ ఆ కారును చేసిన చేతులు కుబేరులవి కావు, నెల జీతానికి రేకు కొట్టిన పనివాళ్లవి. చాలామంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. వాళ్లు వదిలి వెళ్లిన సంతకం ఆ వంపు ఒక్కటే.

మనకూ ఇటలీ వాసన ఉన్న కారు ఒకటుంది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన ఫియట్ 1100, తర్వాతి కాలపు పద్మిని. మీ ఇంటి షెడ్డులో అలాంటిది ఉంటే టింకరింగ్‌కు పంపే ముందు ప్రతి మూలా ఫొటో తీయండి. విప్పిన పాత భాగాన్ని తుక్కువాడికి వేయకుండా పేరు రాసి దాచండి. రంగు బతికి ఉన్న చోట రంగు వేయించకండి. ఇంజనూ బ్రేకులూ మాత్రం మంచి మెకానిక్‌కు చూపించి, వారానికోసారి రోడ్డెక్కించండి.