పసికంటికి ఏ కటకం మేలు?

పెద్దవారి కంటిలో శుక్లం ఏర్పడితే మసకబారిన కటకాన్ని తీసివేసి, ఆ స్థానంలో కృత్రిమ కటకాన్ని అమర్చుతారు. పసిబిడ్డకు కూడ అట్లే చేయరాదా అన్న ప్రశ్న సహజమైనదే. కాని పసికన్ను పెద్దకంటికి చిన్న నమూనా కాదు. పుట్టినప్పుడు దాని పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు; పెరిగిన పిమ్మట 23 లేక 24. ఈనాడు సరిపోయిన కటకశక్తి రెండేళ్ళకు సరిపోదు. పైగా మెదడు చూడడం నేర్చుకునేది ఆ తొలి నెలలలోనే. అప్పుడు స్పష్టమైన బింబం అందకపోతే ఆ లోటు తరువాత పూర్తిగా తీరదు.

ఈ వివాదాన్ని పరీక్షించడానికి అమెరికాలో 114 మంది శిశువులపై ఒక పరిశోధన జరిగింది. అందరికీ ఒక కంటిలోనే శుక్లం. అందరూ ఏడు నెలలలోపువారు. కటకాన్ని తీసి, దాని వెనుక పొరను తెరచి, ఆ వెనుకనున్న జిగట పదార్థంలో ముందుభాగాన్ని కూడ తొలగించారు. ఆపైన చీట్లు తీసినట్లుగా సగం మందికి కంటిలోపల కటకం అమర్చారు. మిగిలినవారికి కనుగుడ్డుపై కాంటాక్ట్ లెన్సు పెట్టారు.

పిల్లలకు నాలుగున్నరేళ్ళు వచ్చినప్పటి ఫలితాలు 2014లో వెలువడినాయి. రెండు జట్లకూ మధ్యస్థ దృష్టి సుమారు 6/48. అనగా మామూలు కన్ను 48 మీటర్ల నుండి పోల్చగల అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దూరానికి వస్తేగాని పోల్చలేదు. చూపులో తేడా లేదు, బాధలో ఉన్నది. కంటిలోపల మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చినవారు లోపలి కటకం జట్టులో నూటికి 72 మంది, లెన్సు జట్టులో 21 మంది. మిగిలిన కటకకణాలు తిరిగి పెరిగి చూపుకు అడ్డు రావడమే దీనికి ముఖ్యకారణం.

అందుచేత కాంటాక్ట్ లెన్సే మేలని పరిశోధకులు తేల్చారు. తీర్పు న్యాయమైనదే. కాని వారే చెప్పిన మినహాయింపు ఒకటి ఉన్నది: లెన్సు ఖర్చు, వాడకం మోయలేనంత భారమైన చోట లోపలి కటకాన్ని ఎంచుకోవచ్చును. తెలుగునాట దూరపు పల్లెలలో ఉన్న తల్లికి ఈ మినహాయింపే అసలు విషయం. జారిపోయిన లెన్సుకు బదులు మరొకటి దొరికేవరకు ఆ కంటికి అంతా మసకే. రెండు కళ్ళకూ శుక్లమున్న శిశువుల సంగతి వేరు. వారికి దళసరి కళ్ళద్దాలైనా పనిచేస్తాయి. ఈ ఫలితాలను వారికి యథాతథంగా అన్వయించరాదు.

ఏ కటకమైనా మంచికంటికి పట్టీ వేయక తప్పదు. ఆ పరిశోధనలో మూడు నెలల బిడ్డకు రోజుకు మూడు గంటలు, నాలుగు నెలల బిడ్డకు నాలుగు గంటలు చొప్పున నిర్ణయించారు. ఎనిమిది నెలలు నిండిన పిమ్మట మెలకువగా ఉన్న కాలంలో సగం. ఏడ్చే బిడ్డకు ఆ పట్టీ వేయవలసినది వైద్యుడు కాదు, ఇంటివారు.