మోముకీ మూతికీ మధ్య

పంజగుట్ట పక్కనే ఇర్రంమంజిల్ ఉంది. ఆ పేరు వెనక హైదరాబాదీలు చెప్పుకునే కథ ఒకటుంది. స్థానికులు ఆ చోటును ఎర్ర గుట్ట అనేవారు. నవాబు ఫఖ్రుల్ ముల్క్ అక్కడ మహలు కట్టించి, దానికి ఇరం మంజిల్ అని పేరు పెట్టాడు. పారశీకంలో ఇరం అంటే స్వర్గం లాంటి తోట. ఎర్ర, ఇరం చెవికి దగ్గరగా వినిపిస్తాయి. ఆ పేరు పలికినప్పుడు తెలుగువాడి మనసులో ఎర్రమట్టి మెదిలింది, నవాబు మనసులో స్వర్గం మెదిలింది.

ఆ దగ్గర్లోనే నిమ్స్ ఉంది. అది ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. పాతతరం వాళ్లకు మాత్రం అది బొక్కల దవాఖాన. తెలంగాణలో బొక్క అంటే ఎముక, అంతే. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు బొక్క అంటే కన్నం, నష్టం, ఒక్కోసారి జైలు. అందుకే ఆ పేరు వినగానే వాళ్లకు నవ్వొస్తుంది. ఇలాంటి నవ్వులు తెలంగాణ మనసును ఎంత గాయపరిచాయో ఈ నగరంలో బతికినవారికి తెలుసు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం వాడల్లో చిన్న ఆసుపత్రులు తెరిచి బస్తీ దవాఖాన అని పేరు పెట్టింది. పట్టణ ఆరోగ్య కేంద్రం అన్నా అర్థం మారదు. కానీ ఆ పేరున్న గడప తొక్కాలంటే చదువు రాని మనిషి జంకుతాడు. దవాఖాన అన్న మాటలో చనువుంది. బస్తీ దవాఖాన అన్న పేరు ఎంచిన వాళ్లకు మాట విలువ తెలుసు.

మాటను అంటిపెట్టుకుని ఉండే ఈ అనుభూతిని మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందటే పట్టుకున్నారు. తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వనిని, అంటే మాట వెనక స్ఫురించే అర్థాన్ని, కావ్యానికి ఆత్మ అన్నాడు. ఆ తర్వాత వచ్చిన కుంతకుడు పర్యాయ వక్రత అని ఒక ప్రత్యేకమైన పేరే పెట్టాడు. ఒకే అర్థమున్న పదాల్లోంచి సందర్భానికి తగినదాన్ని ఏరుకునే నేర్పు అది. కుమారసంభవంలో శివుడు మారువేషంలో వచ్చి, తపస్సు చేస్తున్న పార్వతి ముందు తనను తానే నిందించుకుంటాడు. అక్కడ కాళిదాసు శివుడికి వాడిన పేరు కపాలి. పినాకి అన్నా శివుడే, ఛందస్సు కూడా చెడదు. కానీ పినాకి అనగానే విల్లు పట్టిన వీరుడు కళ్ల ముందు నిలుస్తాడు. కపాలి అంటే పుర్రె, శ్మశానం, బూడిద గుర్తొస్తాయి. శివుడితో పెళ్లి వద్దని పార్వతికి అనిపించాలంటే కపాలే కావాలి. పదకొండో శతాబ్దిలో మమ్మటుడు దీన్ని పరీక్షగా మలిచాడు. పదం తీసి దాని పర్యాయపదం పెట్టి చూడాలి. అందం పోతే, ఆ అందం పదంలో ఉన్నట్టు. నిలిస్తే అర్థంలో ఉన్నట్టు.

ఈ పరీక్షకు తెలుగు మహా అనువైన భాష. సంస్కృతం నుంచి నేరుగా వచ్చినవీ, మారి వచ్చినవీ, అచ్చంగా మనవీ పక్కపక్కనే బతుకుతున్నాయి. పాపాయిది మోము. అద్దంలో కనిపించేది ముఖం. విసుగొచ్చినప్పుడు అది మొహం అవుతుంది, కోపమొస్తే మూతి అవుతుంది. దేవుడు ఆరగిస్తాడు, అతిథి భోంచేస్తాడు, మనం తింటాం, గిట్టనివాడు మెక్కుతాడు. పని ఒకటే, మారేది చెప్పేవాడి మనసు. మాట బతుకూ మారుతుంది. పాత తెలుగులో కంపు అంటే సువాసన కూడా. కన్నడంలో నేటికీ అది పరిమళమే, మన దగ్గర ముక్కు మూసుకునే మాటైంది. వితంతువును సూచించే విధవ నుంచి వెధవ అనే తిట్టు పుట్టింది. భర్త పోయిన స్త్రీని మన సమాజం ఎలా చూసిందో ఆ ఒక్క తిట్టు చాలు చెప్పడానికి.

అలంకారశాస్త్రం అశ్లీల దోషాన్ని మూడు రకాలుగా చెప్పింది: సిగ్గు పుట్టించేది, రోత పుట్టించేది, అమంగళం స్ఫురింపజేసేది. మూడోదాని సంగతి శాస్త్రం చదవని మన ఇళ్లకు శాస్త్రజ్ఞుల కన్నా బాగా తెలుసు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. మంగళసూత్రం తెగితే పెరిగిందంటారు. ఒంటిమీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటారు. ఇంట్లోంచి కదిలేవాళ్లు వెళ్లొస్తామంటారు. అదే మాట చావు జరిగిన ఇంట్లో నోట రానివ్వరు, చెప్పకుండానే లేచి వస్తారు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న బంధువుకు ఎవరైనా వచ్చి చెప్పాల్సిన మాట గురించి ఆలోచించండి. పోయాడు, చనిపోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, పరమపదించారు. కబురు మారదు. కానీ ఆ మొదటి క్షణం విన్న మాట ఆ మనిషికి జీవితాంతం గుర్తుంటుంది. వైద్యవిద్యలో దీనికి ఒక్క పాఠమైనా తెలుగులో ఉండాలి.

తగిన మాటను ఏరుకునే విద్యకు అమీర్‌పేటలో ఇంకో ఇల్లుంది, సారథి స్టూడియో. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడిదే. సారథి అన్న పేరు అంతకుముందే తెలుగు సంభాషణను మలుపు తిప్పింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం సారథి సంస్థ తరఫున ‘మాలపిల్ల’ తీసినప్పుడు మాటలు రాసింది తాపీ ధర్మారావు. ఆయన వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి శిష్యుడు. పాత్రల చేత గ్రాంథికం పలికించకుండా వాడుకభాష మాట్లాడించాడు. అంటరానితనం గురించి ఆవేశపడే మనిషి గ్రాంథికంలో ఆవేశపడితే ఎవరికి తగులుతుంది?

సంభాషణ రాసేవాడి చేతిలో పర్యాయ వక్రత రోజూ పనికొచ్చే పరికరం. వెళ్లు, పో, వెళ్లొచ్చు, దయచేయండి: అన్నీ మనిషిని పంపే మాటలే. గుమ్మం దగ్గర దయచేయండి అంటే స్వాగతం, గొడవ మధ్యలో అంటే గెంటివేత. మర్యాద మాటే అక్కడ ఎక్కువ కోస్తుంది.

అమీర్‌పేటలోనే మైత్రీవనం చుట్టూ ఉన్న హాస్టళ్లలో శ్రీకాకుళం, ఆదిలాబాద్, అనంతపురం పిల్లలు ఒకే గదిలో ఉంటారు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను నువ్వు అనడంలో అగౌరవం లేదు, అది దగ్గరితనం. గోదావరి జిల్లాల పిల్లవాడి చెవికి అది చురుక్కుమంటుంది. అతని మీరు, అండీ అవతలివాడికి దూరం పెట్టినట్టుంటాయి. ఇద్దరూ గౌరవమే ఇస్తున్నారు, మాటలు వేరు.

మన నిఘంటువులు చాలావరకు మోము అంటే ముఖం అని రాసి ఊరుకుంటాయి. ఏ మాట ఏ ప్రాంతంలో ముద్దుగా వినిపిస్తుంది, ఎక్కడ గుచ్చుకుంటుంది, ఏ తరం నుంచి తిట్టైంది అన్నది నమోదు చేసే నిఘంటువు మనకు కావాలి. తెలుగు విశ్వవిద్యాలయం ఈ నగరంలోనే ఉంది. అక్కడి భాషాశాస్త్ర విద్యార్థులు ఆ పనిని అమీర్‌పేట హాస్టళ్లలో, నిమ్స్ వరండాల్లో మొదలుపెట్టవచ్చు. బొక్కల దవాఖాన అని పిలిచిన తరం ఇంకా మన మధ్య ఉండగానే మొదలుపెట్టాలి.