ప్రామాణ్యం – పరిగణన: బ్లాగు శోధన యంత్రాల తీర్పుపై ఒక పరిశీలన

ఏ యుగంలోనైనా రచనల సంఖ్య పాఠకుని తీరికను మించిపోయినప్పుడు, వాటిని వడగట్టి ముందువెనుకలు నిర్ణయించే వ్యవస్థ ఒకటి అనివార్యంగా ఏర్పడుతుంది. అచ్చుయుగంలో ఆ బాధ్యతను పత్రికా సంపాదకులు, విమర్శకులు, గ్రంథాలయాధికారులు నిర్వహించారు. 2000 తరువాతి దశకంలో బ్లాగుల విషయంలో ఆ పనిని శోధన యంత్రాలు స్వీకరించాయి. సంపాదకుని తీర్పు నచ్చనివారు ఆయనతో వాదించవచ్చు. యంత్రం ఇచ్చిన అంకెతో వాదించాలంటే, ఆ అంకె దేనిని కొలుస్తున్నదో, దేనిని కొలవకుండా వదలివేస్తున్నదో ముందుగా తెలియాలి. ఆ యంత్రాలలో పలు ప్రసిద్ధమైనవి నేడు మూతపడ్డాయి. అయినా వాటి చరిత్ర మనకు పాతబడలేదు.

లంకెలే సాక్ష్యం

ఒక రచనను ఎందరు ఉదహరించారన్న దానిని బట్టి దాని విలువ కట్టే పద్ధతి బ్లాగులతో పుట్టినది కాదు. అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో శాస్త్రవ్యాసాలకు ఉల్లేఖన సూచికను ప్రతిపాదించారు. ఒక వ్యాసాన్ని తరువాతివారు ఎక్కడెక్కడ పేర్కొన్నారో చూపే ఆ సూచిక పరిశోధకునికి దారిచూపే సాధనంగా ఉద్దేశింపబడింది. కాలక్రమేణా అదే పరిశోధకుని స్థాయిని తూచే తక్కెడగా మారింది. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ప్రకటించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి ఇటువంటి ఆలోచననే వెబ్ పుటలకు అన్వయించింది. ఒక పుట మరొక పుటకు ఇచ్చే లంకె సమ్మతి వంటిదనీ, సమ్మతి తెలిపిన పుటకు ఎంత విలువ ఉంటే ఆ సమ్మతికి అంత బరువు ఉంటుందనీ దాని సారాంశం. దాదాపు అదే కాలంలో జాన్ క్లైన్‌బర్గ్ మరొక సూక్ష్మభేదాన్ని గుర్తించారు. పలువురు ఉదహరించే పుట వేరు, మంచి పుటలకు దారిచూపే పుట వేరు. మొదటిది ప్రామాణ్యం గలది. రెండవది నాలుగు దారులు కలిసే కూడలి వంటిది. ఈ భేదం మున్ముందు మన చర్చకు అవసరమవుతుంది.

డేవిడ్ సిఫ్రీ 2002లో నెలకొల్పిన టెక్నోరటి, కేవలం బ్లాగులకే ప్రత్యేకించిన శోధన యంత్రాలలో పేరెన్నికగన్నది. గూగుల్ సంస్థ తన బ్లాగు శోధనను 2005లో ప్రారంభించింది. సాధారణ శోధన యంత్రం తానే పుటలను వెదుక్కుంటూ తిరుగుతుంది. బ్లాగు శోధనలోనైతే, కొత్త టపా వెలువడగానే ఆ సంగతిని తెలిపే సంకేతం బ్లాగు వైపునుంచే యంత్రానికి అందే ఏర్పాటు ఉండేది. అందుచేత తాజాదనమే ఈ యంత్రాలకు ప్రాణం. టెక్నోరటి 2007లో ‘అథారిటీ’ అనే పేరుతో ప్రతి బ్లాగుకూ ఒక అంకెను ప్రకటించసాగింది. గడచిన ఆరు నెలలలో ఆ బ్లాగుకు లంకె ఇచ్చిన ఇతర బ్లాగులెన్ని అన్నదే ఆ అంకె. ఒకే బ్లాగు పదిసార్లు లంకె ఇచ్చినా ఒక్కటిగానే లెక్క. ఈ అంకెలను అనుసరించి ప్రపంచంలోని బ్లాగులన్నిటికీ వరుసక్రమం నిర్ణయమయ్యేది.

కొలత పరిమితులు

ఈ నిర్వచనం స్పష్టమైనదీ, ఎవరైనా సరిచూసుకోదగినదీ అనడంలో సందేహం లేదు. లోపమంతా దానికి పెట్టిన పేరులో ఉన్నది. మన న్యాయశాస్త్రంలో శబ్దం ప్రమాణం కావాలంటే దానిని పలికినవాడు ఆప్తుడై ఉండాలి. అనగా విషయం తెలిసినవాడు, తెలిసినది తెలిసినట్లు చెప్పేవాడు కావాలి. ఎందరు ఆ మాటను తిరిగి చెప్పారన్నది అక్కడ ప్రశ్నే కాదు. టెక్నోరటి లెక్కించినది పరిచయాన్ని, ప్రకటించినది ప్రామాణ్యాన్ని.

ఆరు నెలల గడువునే తీసుకుందాం. ఒక బ్లాగరి రెండేళ్లు శ్రమించి కాకతీయుల శాసనాలపై ఇరవై వ్యాసాలు వ్రాశాడనుకుందాం. నలభై బ్లాగులు వాటిని ఉదహరించాయి. తరువాత ఏడు నెలలపాటు ఎవరూ కొత్తగా లంకె ఇవ్వలేదు. అతని అంకె సున్నాకు దిగజారుతుంది. వ్యాసాలలో ఒక్క అక్షరమైనా మారలేదు, శాసనాలు అసలే మారలేదు. నిన్నటి క్రికెట్ పోటీ మీద వ్రాసినవాడు ఇతనికంటే వేల మెట్లు పైన నిలుస్తాడు. వార్తకు తగిన గడువును విజ్ఞానానికి వర్తింపజేయడం వల్ల కలిగిన ఫలితమిది.

లంకె వెనుక ఉద్దేశాన్ని యంత్రం చూడకపోవడం రెండవ పరిమితి. ప్రశంసించడానికి ఇచ్చిన లంకె, ఖండించడానికి ఇచ్చిన లంకె సమానమే. పైగా లంకెకు విలువ ఏర్పడగానే దానిని దొంగిలించేవారూ ఏర్పడ్డారు. పరుల బ్లాగుల వ్యాఖ్యలలో తమ వ్యాపార లంకెలను చొప్పించేవారి బెడద మితిమీరడంతో, వరుసక్రమంలో లెక్కకు రాకుండా లంకెపై గుర్తు వేసే ఏర్పాటును గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 2005 జనవరిలో అంగీకరించవలసివచ్చింది.

మూడవది, ముందున్నవారు మరింత ముందుకు పోవడం. క్లే షిర్కీ 2003లో 433 బ్లాగుల లెక్కలను పరిశీలించి, మొదటి 12 బ్లాగులకే లంకెలలో 20 శాతం, మొదటి 50 బ్లాగులకు సగం దక్కాయని చూపారు. దీనికి ఎవరి కుట్రా కారణం కాదని ఆయన వివరణ. పలువురు స్వేచ్ఛగా ఎన్నుకునేచోట, ఇదివరకే ఎన్నికైనవారు కంటపడే అవకాశం ఎక్కువ. వరుసక్రమాన్ని ప్రకటించడం ఆ అసమానతకు మరికొంత ఊతమిస్తుంది.

లెక్కకు రాని భాషలు

సాంస్కృతిక పాలనలో ఉన్నవారు ముఖ్యంగా గమనించవలసినది భాషల ప్రసక్తి. 2007 ఏప్రిల్‌లో టెక్నోరటి ప్రకటించిన నివేదికలో 7 కోట్లకు పైగా బ్లాగులు లెక్కకు వచ్చాయి. 2006 చివరి మూడు నెలల టపాలలో 37 శాతం జపనీస్, 36 శాతం ఆంగ్లం, 8 శాతం చైనీస్. మొదటి పది భాషలలో ఏ భారతీయ భాషా లేదు. ఇంతవరకు అది స్వల్పసంఖ్య ఫలితమని సరిపెట్టుకోవచ్చు. కానీ 2009లో ఆ సంస్థ ఆంగ్లేతర బ్లాగులను లెక్కించడమే మానివేసింది. అంతకుముందు ఇతర భాషల వారికి తక్కువ అంకె ఉండేది, ఆపైన అంకే లేకుండా పోయింది. తొలి లెక్కలో ఆంగ్లాన్ని మించిన జపనీస్‌కు కూడా అదే గతి పట్టిందంటే, ఇది సంఖ్యకు సంబంధించిన నిర్ణయం కాదని విదితమవుతున్నది.

చరిత్ర విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు. గ్రియర్సన్ పర్యవేక్షణలో 1894 నుంచి 1928 వరకు సాగిన భారత భాషా సర్వేక్షణ పరిధిలో మద్రాసు ప్రెసిడెన్సీ గాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు గాని లేవు. తెలుగువారు అత్యధికంగా నివసించిన ప్రాంతాలే సర్వేక్షణకు వెలుపల మిగిలాయి. 1906లో వెలువడిన నాల్గవ సంపుటంలో తెలుగు ప్రస్తావన ఉన్నప్పటికీ, తెలుగునాట మాండలికాల విస్తృతిని ఆ సంపుటం చూపజాలదు. పరిధి గీసినవాని రేఖ, తరువాతి పాఠకునికి వాస్తవపు ఎల్లగా కనబడే ప్రమాదం రెండుచోట్లా ఉన్నది.

తెలుగు బ్లాగరులు ఈ వరుసల మీద ఆధారపడలేదు. కూడలి, జల్లెడ వంటి సంకలినులు తెలుగు బ్లాగుల టపాలను ఒకచోట చేర్చి, కొత్తది పైన ఉండేటట్లు చూపేవి. క్లైన్‌బర్గ్ చెప్పిన రెండవ గుణమే వాటిది. అందులో ఒకదాని పేరు కూడా అదే కావడం విశేషం. నిన్న మొదలుపెట్టినవానికీ, పేరుపొందినవానికీ అక్కడ తొలిక్షణం ఒకే స్థానం. అయితే గంటల వ్యవధిలో ప్రతి రచనా కిందికి జారిపోయేది. వాటికి సమభావం ఉన్నది గాని జ్ఞాపకం లేదు. ఆంగ్ల యంత్రం గతాన్ని ఆరు నెలలకు కుదిస్తే, మన సంకలిని ఒక దినానికి కుదించింది.

2014లో టెక్నోరటి బ్లాగుల వరుసక్రమాన్నే తొలగించి ప్రకటనల వ్యాపారానికి పరిమితమైంది. ఒకప్పుడు ప్రపంచపు బ్లాగులన్నిటికీ ప్రామాణ్యం ప్రసాదించిన అంకెలు అలా కనుమరుగయ్యాయి. వాటితోపాటు పోతే నష్టం లేదు, పోతున్నవి రచనలు. కళాశాల గడప తొక్కని గృహిణులు, విదేశాలలోని సాంకేతిక నిపుణులు, పల్లెటూరి ఉపాధ్యాయులు, సంపాదకుని అనుమతితో నిమిత్తం లేకుండా తెలుగు వచనం వ్రాసిన తొలి వేదిక అది. మన దేశంలో 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం అచ్చు ప్రతులను ఉద్దేశించినది. అంతర్జాల రచన దాని పరిధిలోకి రాదు. బ్రిటన్ 2013లో అచ్చుకాని రచనలను కూడా సమర్పణ నిబంధనల కిందికి తెచ్చింది. మనకు అటువంటి ఏర్పాటు అవసరమనడానికి తెలుగు బ్లాగుల అనుభవమే చాలినంత నిదర్శనం.

భద్రపరచవలసినవాటిని ఎన్నుకునేటప్పుడు మళ్లీ అంకెలే చేతికి అందివస్తాయి. వీక్షణల సంఖ్య, అనుచరుల సంఖ్య సులభంగా దస్త్రంలోకి ఎక్కుతాయి. అటువంటి ప్రతి అంకె పక్కన మూడు ప్రశ్నలు వ్రాసుకోవడం మేలు: లెక్కించినది ఎవరు, ఎంత కాలానికి, ఏ భాషలను వదలి? వీటికి సమాధానం లేని అంకె ప్రచారానికి ఉపయోగపడవచ్చు గాని ఎంపికకు ఆధారం కాజాలదు. ఆ రచనను చదివినవాని అభిప్రాయానికి అది ప్రత్యామ్నాయం కాదు.