బావిగట్టు దిగిన నీరు

పల్నాటి మెట్టలోని మా మేనత్తగారి ఊరిలో పప్పు ఉడికెడి నీళ్లు ఊరుమ్మడి బావి యొక్కదానిలోనే ఉండెడివి. తక్కిన పెరటిబావులలో ఊరునది సబ్బు నురగ కట్టని కఠినజలమే గనుక, దానిని ఎవరును నిందింపక 'వాడుకనీళ్లు' అని మర్యాదగా పిలుచుచుండిరి. నా పదేండ్ల ప్రాయమున వేసవి సెలవులన్నియు అట్టి యొక వాడుకనీళ్ల బావి గట్టుననే గడచినవి. అక్కడ నేను నేర్చిన విద్యలలో నేటికిని మరపునకు రానిది, నీటికి దారి చూపుట.

బావిచుట్టును మాచెర్ల నాపరాళ్లు పరచిన చప్టా యుండెను. దాని వాలు బావివైపునకు గాక వెలుపలికి, పడమటి మూలకు ఉండెను. ఒలికిన చుక్క మరల బావిలోనికి పోరాదు. ఈ నియమమును సామాన్యమని త్రోసివేయుటకు వీలులేదు. మెట్లు దిగి నీటిలో కాలుపెట్టి కడవ ముంచుకొనెడి దిగుడుబావులు మన రాయలసీమలో పెక్కుచోట్ల నారికురుపునకు పుట్టినిండ్లయినవి. కురుపుగల కాలు నీట మునిగినంతనే దానినుండి వెలువడిన పిల్లలు నీటిపురుగులలో చేరి, ఆ నీరు త్రాగినవారి దేహములలో మూరకు మించిన పాములై పెరిగెడివి. మన దేశము ఆ పీడనుండి విముక్తమైనదని ప్రకటింపబడినది 2000 సంవత్సరముననే. కాళ్లు కడిగిన నీరు వేరు, కడవలోని నీరు వేరు అని గీత గీయునదే మా అత్త చప్టా.

ఆ పడమటి మూలనుండి జానెడు వెడల్పు బోదె యొకటి బయలుదేరి, అయిదారు అరటిపాదులను చుట్టి, చేమమడిని తడిపి, కడపట కరివేపచెట్టు మొదట ఇంకిపోయెడిది. నీటికి ఎన్ని పేర్లుండెనో చూడుడు: బియ్యము కడిగినది కడుగు, అన్నము వార్చినది గంజి, పశువుల తొట్టిలో చేరినది కుడితి, పాదులో ఇంకినది తడి. ఏ పాదునకును చేరలేక, ఏ మూతికిని అందక నిలిచిపోయిన నీటికి మాత్రమే మురుగను పేరు. అనగా మురుగు నీటి జాతి కాదు, అది దాని దుర్దశ. నిలిచిన మురుగులో వారము పదిదినములలో దోమ పుట్టును. పారి యింకిన నీటిలో దానికి ఆ అవకాశము లేదు.

అయితే బోదె త్రవ్వినంత మాత్రమున నీరు తనంత తాను న్యాయముగా పంచుకొనదు. అత్త అంట్లు తోముచు నడుమ లేచి, కుడి మడమతో బోదెగట్టునకు చిన్న గండి కొట్టి, గుప్పెడు బురదను మొదటి పాదు నోటికి అడ్డముగా వేసి, నీరు రెండవ పాదులోనికి మళ్లినదని చప్పుడును బట్టియే గ్రహించి, వెనుదిరిగి చూడకయే మరల గిన్నె చేతబట్టెడిది. నేను అదే పని చేయబోయినచో గట్టంతయు కొట్టుకొనిపోయి చేమమడి చెరువయ్యెడిది. "బురద పెట్టేటప్పుడు నీళ్లకి ఎదురు వెళ్లకురా, పక్కనుంచి పెట్టు" అని ఆమె నవ్వెడిది. ఆమె తోమునది పొయ్యిబూడిదతోను కొబ్బరిపీచుతోను. కట్టెబూడిదలో పొటాషు కలదనియు, అరటిగెల బలియుటకు అది మిక్కిలి అవసరమనియు పెద్దవాడనైన పిదప నేను పుస్తకములలో చదివితిని. ఆమెకు తెలిసినది బూడిదనీళ్లు త్రాగిన చెట్టు గెల బరువన్నంతవరకే.

పశువుల వంతు వేరు. చేదతో తోడి కడవ నింపునప్పుడు ఒలికిన తేటనీరు రాతితొట్టిలోనికి పోవును. కడుగు, గంజి, కాయగూరల తొక్కలు, ఇంత తవుడు, చిటికెడు ఉప్పు కుడితిగోలెములోనికి పోవును. పాడిగేదె వేసవిలో రోజునకు 60, 70 లీటర్ల నీరు త్రాగును గాని, ఒట్టినీటికంటె కుడితికే ముందు మూతి చాచును. దీనికిని ఒక మితి కలదు. పెండ్లియింట మిగిలిన అన్నమంతయు ఒక్కమారుగా గోలెములో కుమ్మరించినయెడల, అది పొట్టలో పులిసి ఆమ్లమై, గేదె మేత మాని పడిపోవును. పెండ్లిండ్ల ఋతువున పశువైద్యులకు ఇది పరిచితమైన వ్యాధియే. దయ చూపుచున్నామనుకొని పశువును చంపుకొనుట ఇట్లే.

ఇప్పుడు బావిగట్టు లేదు, కుళాయి కలదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజునకు 55 లీటర్ల నీరు ఇంటికి చేర్పవలెనని పూనినది. అయిదుగురున్న యింటికి 275 లీటర్లు. అందులో సుమారు మూడింట రెండుపాళ్లు వాడుకయై బయటికి వచ్చుననుకొన్నను, వేసవిలో రోజునకు ఒక్కొక్కటి ఇరువది లీటర్లు కోరెడి అరటిచెట్లు ఎనిమిది తొమ్మిదింటికి అది చాలును. కాని ఆ నీరు సిమెంటు రోడ్డు అంచున పాచిపట్టి నిలుచుచున్నది. ఇంకుడుగుంత త్రవ్వుట మంచిదే, తాగునీటి బావికి పది మీటర్లకు తక్కువగాని దూరములో త్రవ్వుట మరియు మంచిది; అయినను నా మనస్సునకు ఇంకుడుగుంత రెండవ మాటయే. భూమికి అప్పగించుటకు ముందు ఒక చెట్టు చేతినుండి పోనిచ్చుట మొదటిది.

ఈ మార్గమున కంటకమైనది బట్టలపొడి. మునుపు చాకలివారు చౌడు మన్ను తెచ్చి, ఆ క్షారముతో బట్టలు ఉడుకవేసెడివారు. చౌటినేలలోని సోడా మురికి విడిపించునని వారెరుగుదురు. నేడు ఆ సోడానే అట్టపెట్టెలో కొని తెచ్చి, బట్టలు ఉతికి, మిగిలినదానిని మంచి నేలమీద పోసి, నేలనే చౌడు చేయుచున్నాము. ఇది పరులపై వేయు నింద కాదు. రెండేండ్ల క్రిందట నేనే, అత్త శిష్యుడననెడి గర్వముతో, బట్టలయంత్రపు గొట్టమును తోటకూరమడికి త్రిప్పితిని. మూడువారములలో ఆకుల అంచులు మాడినవి. మన్ను బిగుసుకొని పైని తెల్లని పొర కట్టినది, నీరు పోసిన ఇంకదు. అంతట బుద్ధి తెచ్చుకొని, మొదటి సబ్బునీటిని గులకరాళ్లు నింపిన గుంతకును, జాడించిన నీటిని కొబ్బరిచెట్టునకును, స్నానపు నీటిని అరటికిని మెట్టతామరకును పంచితిని. పచ్చిగా తినెడి ఆకుకు దేనినీ పోయుట లేదు.

కడుగు మాత్రము మాకు దక్కదు. వెనుకయింటి యావిడ ప్రతి ఉదయమును గోడమీద బకెట్టు పెట్టి పోవును. సాయంకాలమునకు అదే బకెట్టులో అరటిపాదులకు పేడ వచ్చును. ఈ యొప్పందమునకు కాగితము లేదు. మొన్న నొకనాడు బకెట్టు ఖాళీగా నుండుట చూచి ఆమె గోడమీదుగా తొంగిచూచినది.

"బాబాయిగారూ, ఇవాళ కడుగు లేదా?"

"లేదమ్మా, వైద్యుడు అన్నం తగ్గించమన్నాడు. ఇకనుంచి చపాతీలు."

ఆమె నన్ను ఆపాదమస్తకము ఒకమారు పరికించి, "అయితే ఆ సంగతి మా గేదెకు మీరే వచ్చి చెప్పండి" అని, ఖాళీ బకెట్టు పట్టుకొని వెడలిపోయినది.