పేరుకే రఫ్ స్కెచ్

అన్నవరంలో కొండకు వెళ్లే మలుపు కోసం జాతీయ రహదారి మీద ఒక కారు నెమ్మదించింది, వెనకాల వస్తున్న లారీ గుద్దేసింది అనుకుందాం. మనుషులకేమీ కాలేదు, డిక్కీ మాత్రం నుజ్జయింది. తప్పు లారీదే కనక మరమ్మతు ఖర్చు లారీ బీమా కంపెనీయే ఇవ్వాలి. న్యాయం ఇంత తేటగా ఉన్నా డబ్బు రాబట్టేది కాగితాలే. వాటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది, పోలీసులు మధ్యవర్తుల ఎదుట రాసే నామాకు జతచేసే రఫ్ స్కెచ్.

శ్రద్ధగా గీసిన స్కెచ్ చూడండి. ముందు ఉత్తరం గుర్తు, తర్వాత రోడ్డు వెడల్పు, డివైడరు, మార్జిను. కొలతలన్నీ కదలని వస్తువు నుంచి, ఏ కిలోమీటరు రాయి నుంచో కల్వర్టు నుంచో పడతాయి. బళ్లను ఆ పూటే పక్కకు లాగేస్తారు, రాయి అక్కడే ఉంటుంది. ఆ ఎంపికలోనే పనితనమంతా ఉంది. గాజు పెంకులు రాలిన చోట ఒక గుర్తు. టైరు చార మొదలైన చోటు, ఆగిన చోటు, మధ్య దూరం. ఆ చార కారు వెనకే తిన్నగా సాగి ఉంటే, కారే అడ్డం వచ్చిందన్న లారీ డ్రైవరు మాట నిలవడం కష్టం. గీసినవాడు ఎవరినీ తప్పుపట్టడు, కొలిచి ఊరుకుంటాడు.

దీనికి జోడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదని ఆయన రాసే ఒక్క వాక్యంతో బ్రేకులు ఫెయిలయ్యాయన్న సాకు పోతుంది.

కేసు కట్టిస్తేనే ఇవన్నీ పుడతాయి. నాలుగు వేలు చేతిలో పెట్టించుకుని అక్కడే రాజీపడితే స్కెచ్చూ లేదు, క్లెయిమూ లేదు.

ఆ క్లెయిము కోసం 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్లో పిటిషన్ వేయాలి. ప్రమాదం అన్నవరంలో జరిగినా, మీరుండే ఊరి పరిధిలోనూ వేసుకోవచ్చు. ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణ అంటోంది. క్రిమినల్ కేసులోలాగా నిస్సందేహంగా రుజువు చేయనక్కర్లేదు, సంభావ్యత ఎటు మొగ్గితే అటేనని బిమలా దేవి కేసులో 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. మన స్కెచ్‌కు బలం ఇక్కడే.

లారీ పాలసీ నకలు కూడా తప్పక చూడాలి. ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవరు ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని 6,000 రూపాయలకే పరిమితం చేసుకున్న పాలసీలూ ఉంటాయి. అలాంటప్పుడు మిగతాది లారీ యజమాని దగ్గరే రాబట్టాలి. సొంత పాలసీ కింద ఇప్పటికే పుచ్చుకున్న సొమ్మును మళ్లీ అడగకూడదు.

నామా, స్కెచ్, బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టుల నకళ్లను షెడ్డు బిల్లులతో కలిపి దాఖలు చేయాలి. అవార్డు వెలువడ్డాక కంపెనీ 30 రోజుల్లో డబ్బు జమచేయాలి.