నాలుగు చుక్కల ‘ఠ’

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ తయారయ్యాక చివరికి పెయింటర్ చేతికొస్తుంది. యజమాని పేరు, ఊరి పేరు, ఇష్టదైవం పేరు. సుద్దముక్కతో రెండు గీతలు లాగి, వాటి మధ్య బ్రష్షుతో అక్షరం తిప్పేస్తాడు. తలకట్టు ఎక్కడ లావెక్కాలో, కొమ్ము ఎక్కడ సన్నబడాలో ఆయన మణికట్టుకు తెలుసు. ఆ అక్షరం ఏ ఫాంటులోదీ కాదు. ఊళ్లోని డీటీపీ సెంటర్లలో మాత్రం పెళ్లిపత్రిక మొదలు ఫ్లెక్సీ దాకా ఏళ్ల తరబడి అవే ‘అను’ ఫాంట్లు.

కంప్యూటర్‌తో సొంత కళ నేర్చుకోవాలనుకునే కుర్రకారు ఎక్కువగా ఫోటోషాప్‌లో బొమ్మ మీద బొమ్మ అతికించడంతో మొదలుపెడతారు. ఇప్పుడైతే ఏఐకి నాలుగు మాటలు చెబితే సరి, బొమ్మ దిగిపోతుంది. అందులో తెలుగు అక్షరం మాత్రం చాలాసార్లు ఏ భాషకూ చెందని వంకరగా వస్తుంది. సొంత గీత కావాలంటే అక్షరం గీయడాన్ని మించిన బడి లేదు. పైసా ఖర్చు కూడా లేదు. ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

తెర మీది వంపుల వెనకున్న గణితం కార్ల ఫ్యాక్టరీలో పుట్టింది. రెనో కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియే కారు బాడీల వంపుల కోసం 1960లలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో ఇదే దారి కనిపెట్టాడు కానీ, కంపెనీ దాన్ని గుట్టుగా దాచుకుంది. ఇవాళ ఫాంట్లలో అక్షరాల అంచులు గీసేది ఆ లెక్కతోనే. బాడీలు కట్టే ఊరివాళ్లకు నచ్చాల్సిన ముచ్చట.

పని ఇలా ఉంటుంది. గీత మీద ఒక చుక్క పెడతారు. చుక్కకు రెండు వైపులా పట్టుకుని లాగే పిడులుంటాయి. పిడి లాగేకొద్దీ గీత వంగుతుంది. కొత్తగా చేరినవాళ్లు వంపు కుదరనప్పుడల్లా ఇంకో చుక్క పెడతారు. అక్కడే అక్షరం వణుకుతుంది. ‘ఠ’ చుట్టూ ఉన్న సున్నాకు నాలుగు చుక్కలు చాలు: పైన, కింద, కుడి, ఎడమ. కాగితం మీద రాసింది స్కాన్ చేసి ఆటోట్రేస్ నొక్కితే అదే సున్నాకు బోలెడు చుక్కలు పడతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, దిద్దబోతే లొంగదు. నేర్చుకునేవాడు ట్రేస్ బటన్ జోలికి పోకపోవడమే మంచిది.

తెలుగులో ఒక సుఖం ఉంది. ‘ద’ కుదిరితే ‘ధ’, ‘థ’ దాదాపు కుదిరినట్టే. ‘ప’ నుంచి ‘ఫ’, ‘ష’ వస్తాయి. అసలు కష్టమంతా వత్తుల దగ్గర. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 గళ్లు. వత్తులకు అందులో విడిగా చోటే లేదు. ‘లక్ష్మి’లో ‘ల’ తర్వాత కంప్యూటర్ దాచుకునేది క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఆరు సంకేతాలు. కంటికి కనిపించాల్సింది ఒకే ముద్ద. పైగా చివర టైపు చేసిన గుడి వెళ్లి మొదటి ‘క’ నెత్తిన కూర్చోవాలి. ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలను ఫాంటు చేసేవాళ్లే రాయాలి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అనే మాటల్లో రెండేసి వత్తులు కిందికి వేలాడతాయి. వాటికి చోటిస్తే వరుసల మధ్య ఎడం పెరిగి పత్రికలో కాగితం వృథా. కుదిస్తే సిరా నిండి మచ్చలా పడుతుంది. ఫాంటు మంచిదో కాదో తేలేది ఇక్కడే. అందమైన ‘అ’ ఎవరైనా గీస్తారు.

ఈ పరీక్షకు నిలిచినవాటిలో ‘మండలి’ ఒకటి. ముఖ్యంగా వార్తాపత్రికల కోసం పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో దాన్ని రూపొందించగా, సిలికానాంధ్ర సంస్థ అందరికీ ఉచితంగా విడుదల చేసింది. పేరు దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావుది. 1975లో హైదరాబాద్‌లో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణలో ముందున్న మంత్రి ఆయన; 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ సహాయ పనుల్లో నిలబడ్డ మనిషి. విగ్రహాల కన్నా ఇది మెరుగైన గౌరవం, రోజూ వాడుకలో ఉంటుంది కాబట్టి. ఎన్టీఆర్ పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. ఆయన పుట్టిన నిమ్మకూరు కూడా దివిసీమలాగే కృష్ణా జిల్లాయే కదా.

కాబట్టి సెలవుల్లో ఖరీదైన గ్రాఫిక్స్ కోర్సుకు డబ్బు కట్టేముందు పిల్లలు ‘మండలి’ని దించుకుని ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి చూడాలి. చుక్కలు ఎక్కడ పడ్డాయో, వత్తు ఎంత కిందికి దిగిందో అంతా కళ్లెదుటే ఉంటుంది. అది ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది: ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మార్చిన ఫాంటును కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి, దాన్ని ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు.