ఓడెక్కే ముందు

'మైక్ అండ్ స్టెఫానీ' అని 1952 నాటి ఆస్ట్రేలియా సినిమా ఒకటుంది. తీయించింది ఆ దేశపు వలసల శాఖ. అడ్డమైనవాళ్లనీ రానివ్వడం లేదు, జల్లెడ పట్టి మరీ తీసుకుంటున్నాం అని తమ జనానికి నచ్చచెప్పుకోవడానికి. ఇలాంటి ప్రచార చిత్రంలో ఏముంటుందిలే అనిపిస్తుంది కదూ!

మైక్, స్టెఫానీ ఉక్రెయిన్ దంపతులు. నటులు కారు. తమ కథలో తామే కనిపిస్తారు. యుద్ధం చెరోవైపుకీ విసిరేస్తే, మళ్లీ జర్మనీలో లైప్‌హైమ్ శరణార్థి శిబిరంలో ఒకచోట చేరారు. ఇంతవరకూ దర్శకుడు మాస్లిన్ విలియమ్స్ కథని పొందిగ్గానే నడిపాడు గానీ, నన్ను కట్టిపడేసింది చివర్లో వచ్చే ఇంటర్వ్యూ. అది నటన కాదు, నిజంగా జరిగిందే. ఓడెక్కడమా, శిబిరంలోనే ఉండిపోవడమా తేలేది అక్కడే. మన పెళ్లిచూపుల్లో కూడా పిల్లని అన్ని ప్రశ్నలు వెయ్యరు! ఆ బెరుకు ఏ పేరున్న నటి మొహంలోనూ పలకదు.

నా ఫిర్యాదల్లా ఒకటే. 1947 నుంచి 1953 లోపల 1,70,000 మందికి పైగా శరణార్థులు ఇలా ఓడల్లో ఆస్ట్రేలియా చేరారు. రెండేళ్లు ప్రభుత్వం చూపించిన పని, చూపించిన చోట చెయ్యాలని ఒప్పందం. దాంతో మగవాళ్లు పనుల దగ్గరా, ఆడవాళ్లూ పిల్లలూ ఎక్కడో వేరే శిబిరాల్లోనూ గడిపిన సంసారాలెన్నో. విడిపోయిన ఆలుమగలు కలవడమే కథగా పెట్టుకుని, ఒడ్డు చేరాక వచ్చే ఈ రెండో ఎడబాటుని వదిలేస్తే ఎలా? పెడితే తీయించినవాళ్లు ఊరుకునేవారా అంటారు మీరు. అదీ నిజమే. అయినా ఆ ఇంటర్వ్యూ కోసమైనా చూడమనే అంటాను.